ఆషాఢంలో పెట్టిన కార్యం

ఆ రోజు ఎనిమిదిమంది ముత్తయిదువుల ముందు నేను మా మరదలి మీదకి తప్పు తోసేశాను. "అమ్మాయే క్యాలెండర్ చూసి చెప్పింది" అన్నాను. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. క్యాలెండర్ చూసింది ఆ అమ్మాయే, తేదీ చెప్పిందీ ఆ అమ్మాయే. అయినా నా జన్మలో అంతకన్నా పెద్ద అబద్ధం ఆడానని అనుకోను. ఎందుకన్నానో అప్పుడు తెలియలేదు. ఇన్నేళ్ల తర్వాత రాయడానికి కూర్చున్నా సరిగ్గా తెలియడం లేదు. జరిగింది మాత్రం చెప్పగలను.

రాయ్‌పూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం ఏర్పడిన రోజులవి. మాది విజయనగరం వైపు. నాన్న పోయాక నేను సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ స్టోర్సులో గుమాస్తాగా చేరి, అమ్మనీ తమ్ముణ్ణీ రాయ్‌పూర్ తెచ్చుకున్నాను. మోవాలో అద్దె ఇల్లు. తమ్ముడు చదువయ్యాక అదే ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర షిఫ్టు పనికి కుదిరాడు. నేను ఒక మాట చెబితే వాడు రెండోసారి అడిగేవాడు కాదు. అది నాకు గర్వంగా ఉండేది.

వాడికి జ్యేష్ఠంలో పెళ్లి చేశాం. అమ్మాయిది డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. వాళ్ల నాన్న అక్కడి రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టర్. తల్లి చిన్నప్పుడే పోయింది. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్నవాళ్లు కనక ఆ పిల్ల తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం హిందీయే. పెళ్లి వెంటనే కార్యానికి ముహూర్తం కుదరలేదు. మేం ఇంట్లో కార్యం అంటాం, పంతులు గారి నోట అది గర్భాధానం. దంపతులను పీటల మీద కూర్చోబెట్టి, హోమం చేసి, మంచి సంతానం కలగాలని పెళ్లికూతురి ఒడి నింపుతారు. అదయ్యాకే ఇద్దరూ కాపురం మొదలుపెట్టాలని అమ్మ పట్టుదల. ఈలోగా ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో కొత్త దంపతులు ఒకచోట ఉండకూడదు కనక అమ్మాయిని పుట్టింటికి పంపాం. అదే సమయంలో మా చెల్లెలికి పురుడొచ్చి అమ్మ విజయనగరం వెళ్లింది.

అమ్మ వెళ్లేటప్పుడు ఇంట్లో నుంచి ఏం పట్టుకెళ్లిందో నాకు తర్వాత గానీ అర్థం కాలేదు. ఏ నెల ఎప్పుడు మొదలవుతుంది, ఏ రోజు తలంటుకోవాలి, ఏ రోజు ప్రయాణం కూడదు, అన్నీ ఆవిడే చెప్పేది. మేం చేసేవాళ్లం. నా భార్య భిలాయిలో పుట్టి పెరిగింది. ఆమె కూడా అత్తగారి మాట వినడమే తప్ప పంచాంగం ముట్టుకున్నది లేదు.

ఒక శనివారం ఇంటి ఓనరు వాళ్ల ఫోన్‌కి అమ్మ ఫోన్ చేసింది. వెనక నుంచి పసిపిల్ల ఏడుపు.

"శ్రావణ బహుళ పంచమి నాడు బావుందట్రా. ఇద్దరి నచ్చత్రాలకీ కుదిరిందని పంతులు మరీ మరీ సెప్పేడు. అప్పటికి నానూ వచ్చేస్తాను. నువ్వు సామాన్లు సూసి ఉంచు."

"నువ్వు కంగారుపడకు, నేను చూసుకుంటాను" అన్నాను.

శ్రావణం అంటే ఇక్కడివాళ్లు సావన్ అంటారు. బహుళం అంటే కృష్ణపక్షం. పంచమి ఎక్కడైనా పంచమే. నా లెక్క అంత తేలిగ్గా అయిపోయింది. ఆ రోజే పౌర్ణమి. మర్నాడు తెల్లారేసరికి వీధి చివర శివాలయంలో మైకు మొదలైంది. సావన్ వచ్చేసిందని పక్కింటివాళ్లు సోమవారం ఉపవాసాలకు సిద్ధమవుతుంటే నా భార్య కూడా వాళ్లతో కలిసింది.

ఆ ఆదివారం వియ్యాలవారి క్వార్టర్‌కి వెళ్లాను. వంటింటి తలుపుకి హిందీ క్యాలెండర్ వేలాడుతోంది. నేను కళ్లజోడు తెచ్చుకోలేదు. "సావన్ కృష్ణ పంచమి ఎప్పుడు పడిందో చూడమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి వేలు గడుల మీద పెట్టి నడిపింది. "ఈ గురువారమే బావగారూ. కానీ..." అని ఆగింది.

"కానీ ఏంటి?"

"నర్సాంటీ ఇంకా ఆషాఢమే నడుస్తోంది అంటోంది. ఆషాఢం ఖతమ్ అయ్యాకే నన్ను పంపిస్తారంట."

నర్సాంటీ అంటే పక్క క్వార్టర్‌లో ఉండే ఆవిడ. గోదావరి వైపు క్రైస్తవులు. ఆసుపత్రిలో డ్యూటీ చేసుకుంటూనే తల్లి లేని ఈ పిల్లకు జడలు వేసి, జ్వరమొస్తే పక్కన కూర్చుని పెంచింది ఆవిడేనని పెళ్లిలో అందరూ చెప్పుకున్నారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే నవ్వాను.

"ఆవిడ చర్చికి వెళ్లే మనిషి. మన నెలల సంగతి ఆవిడకేం తెలుస్తుందమ్మా? సావన్ వచ్చింది, మైకులు వినపడట్లేదా?"

అమ్మాయి కూడా నవ్వి ఊరుకుంది. వాళ్ల నాన్న, "మీకు తెలీనిదేముందండి, మీరెప్పుడంటే అప్పుడే" అన్నాడు.

దేవుడు నాకు ఇంకో అవకాశం కూడా ఇచ్చాడు. మాకు తెలిసిన తెలుగు పంతులు గారి ఇంటికి వెళితే, ఆషాఢంలో పని ఉండదని ఆయన సొంతూరు వెళ్లారని, వచ్చేసరికి ఇంకా చాలా రోజులు పడుతుందని వాళ్లావిడ చెప్పింది. ఆషాఢం అనే మాట ఆవిడ నోటి నుంచి నా చెవిన పడింది. నేను మాత్రం, ఊళ్లో లేకపోతే ఎలా, ఇంకొకరిని చూసుకోవాలి కదా అనుకుంటూ వెనక్కి వచ్చాను. మా వీధి గుడి పండిత్‌జీని మాట్లాడాను. ఆయన సరే అన్నాడు. బుధవారం విజయనగరం ఫోన్ చేస్తే మా బావ ఎత్తాడు. అమ్మ పాపకు నీళ్లు పోస్తోందన్నాడు. "అంతా సిద్ధమని చెప్పండి" అన్నాను. అమ్మ రాకపోవడం పసిపిల్ల వల్లేననుకున్నాను. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుందని భయపడ్డానేమో. ఇప్పుడు అలా అనిపిస్తోంది. అప్పుడు మాత్రం అన్నీ నాకు తెలుసుననే అనుకున్నాను.

గురువారం ఉదయం ముందు గదిలో హోమం మొదలైంది. తమ్ముడు సెలవు పెట్టాడు. అమ్మాయిని వాళ్ల నాన్న తీసుకొచ్చాడు. పీటల మీద ఇద్దరూ తలలు వంచుకుని కూర్చున్నారు. కార్యం అని నోటితో చెప్పడానికి సిగ్గుపడి, నా భార్య వీధిలో తెలుగువాళ్లందరినీ ఉత్త పేరంటమని పిలిచింది. ఏడుగురు వచ్చారు. అమ్మాయి ఒడిలో కొబ్బరికాయ, అరటిపళ్లు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు పెడుతున్నారు. అప్పుడు వచ్చింది పిన్నమ్మ. శ్రీకాకుళం ఆవిడ, వీధిలో తెలుగువాళ్లందరికీ పిన్నమ్మే. గుమ్మంలోనే ఆగింది.

"ఏటిది? సత్యనారాయణ వ్రతమా?"

"కార్యం పిన్నమ్మా" అంది నా భార్య మెల్లిగా.

"కార్యమా? ఆషాడంలోనా?"

"నాకూ అదే డౌటొచ్చింది" అంది ఒడిలో పళ్లు పెడుతున్నావిడ. "పిలిచారు కదా, వీళ్ల వైపు పద్ధతేదో ఉంటుందని ఊరుకున్నాను."

నేను ముందుకి వచ్చాను. "ఆషాఢం వెళ్లిపోయింది కదండీ. సావన్ వచ్చింది."

"సావన్ ఆళ్లకొచ్చింది బాబూ. మనకి అమాస ఎల్లాల. ఇంకా పది రోజులుంది."

పండిత్‌జీ మంత్రం ఆపి నా వైపు చూశాడు. గొడవేమిటో చెబితే ఆశ్చర్యపోయాడు. "సావన్ హీ తో హై మాతాజీ. శివ్‌జీ కా మహీనా హై, దోష్ కైసా?" శివుడి నెలలో దోషమేమిటని ఆయన ప్రశ్న.

"నీకు లేదు నాయినా దోషం. మాకుంది" అని పిన్నమ్మ తెలుగులోనే జవాబిచ్చింది. ఆయనకు అర్థం కాలేదు. నాకు ఇద్దరి మాటా అర్థమైంది గానీ, రెండూ ఒకే రోజు గురించి ఎలా నిజమవుతాయో అర్థం కాలేదు. పొగకి కళ్లు మండుతున్నాయి. బయట మైకులో సావన్ భజన, లోపల ఆషాఢం.

పిన్నమ్మ అడిగింది. "పంచాంగం ఎవలు సూసినారు? మీ యమ్మ సూసిందా?"

అందరూ నా వైపు తిరిగారు. తమ్ముడు కూడా తలెత్తి చూశాడు. అప్పుడే అన్నాను ఆ మాట. "అమ్మాయే క్యాలెండర్ చూసి చెప్పింది."

వెనక నుంచి ఎవరో, "అయితే పెళ్లికూతురే ముహూర్తం పెట్టుకుందన్నమాట" అన్నారు. కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "తల్లి లేని పిల్ల కదా, ఆగమని సెప్పినోళ్లు లేరు, పోన్లెండి" అంది పిన్నమ్మ. జాలిపడే అంది. అది నవ్వు కన్నా ఘోరంగా ఉంది.

అమ్మాయి నా వైపు ఒక్కసారి చూసింది. కోపంగా కాదు. నేను ఇంకా ఏదో చెప్పబోతున్నానని, చెప్పేదాకా ఆగాలని అనుకున్నట్టు చూసింది. నేను హోమం వైపు చూశాను. తమ్ముడు ఆమెను మెల్లిగా, "నువ్వు చూశావా?" అని అడిగాడు. ఆమె తలూపింది. చూసింది కదా మరి. వాడు మొహం తిప్పుకున్నాడు. ఆమె ఒడిలోని పళ్లు ఒక్కొక్కటే తీసి పళ్లెంలో పెట్టేసింది. ఎవరూ పెట్టమనలేదు.

కార్యం ఆగిపోయింది. పండిత్‌జీ కొబ్బరికాయ పట్టుకుని, చంద్రుడు ఒక్కడే కదా అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. అమ్మాయిని వాళ్ల నాన్న ఆటోలో తీసుకెళ్లిపోయాడు.

సాయంత్రం నా భార్య కంచాలు కడుగుతూ అడిగింది. "ఆ రోజు తేదీ చూడమని మీరే అడిగానన్నారు కదా నాతో."

"అడిగాను."

"మరి?"

"ఆ పిల్ల చూడలేదా ఏంటి?"

"చూసింది. అడిగిన దానికి చెప్పింది. మీరు చూడమన్న నెల తప్పు." ఆమె కంచాలు బోర్లించి లోపలికి వెళ్లింది. ఆ రాత్రి నాకు పెరుగు వేయడం మరిచిపోయింది. మరిచిపోయిందనే అనుకుంటున్నాను.

మర్నాడు స్టోర్సులో కూర్చుని ఒక స్లిప్పు వెనక గీతలు గీశాను. పౌర్ణమికి ఒక చుక్క, అమావాస్యకి ఒక చుక్క. ఇక్కడివాళ్లకి పౌర్ణమితో నెల అయిపోతుంది. మనకి అమావాస్యతో. వెన్నెల పక్షం ఇద్దరికీ ఒకే నెల, చీకటి పక్షం మాత్రం వేరు. వాళ్లు సావన్ అనే ఆ పదిహేను రోజుల్నీ మనం ఆషాఢం అంటాం. అమ్మ చెప్పిన పంచమి ఇంకా నెల రోజులకి గానీ రాదు. గీతలు గీస్తుంటే అర్థమయ్యేది, కాగితం మడిస్తే మళ్లీ కలగాపులగం అయ్యేది. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ ఇది తెలుసుకోకుండా ఎలా బతికాను? ఆ హోమం అయిపోయి ఉంటే పాపమా, కాదా? ఆ వీధిలోనే పక్కింటివాళ్లకి పవిత్రమైన రోజు, గోడకి ఇవతల మాకు ఎలా కూడని రోజవుతుంది? వీటి గురించి అంతసేపు ఆలోచించడం కూడా, ఆ అమ్మాయి గురించి ఆలోచించకుండా ఉండటానికేనని కాస్త ఆలస్యంగా తట్టింది.

ఆదివారం అమ్మాయి వాళ్ల నాన్న సైకిల్ మీద వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"వర్క్‌షాపు క్యాంటీన్‌లో నన్ను అడుగుతున్నారండి, మీ అమ్మాయి ముహూర్తాలు కూడా పెడతాదంట కదా అని. మా అమ్మాయికి తొందరేం లేదు. శ్రావణం కాకపోతే కార్తీకం. ఆ మాట పోయాక పంపిస్తాను. పోకపోతే నా దగ్గరే ఉంటాది."

"మావయ్యగారూ..." అన్నాను. ఆయన అప్పటికే సైకిల్ తిప్పుకున్నాడు.

అప్పటికి గానీ విషయం ఎంత దూరం వచ్చిందో నాకు తెలిసిరాలేదు. మర్నాటి నుంచి డ్యూటీ అయ్యాక ఒక్కో ఇంటికీ వెళ్లాను. ఎనిమిది ఇళ్లు. "సావన్ అని లెక్క వేసింది నేను. ఆ అమ్మాయి ఇంకా ఆషాఢమేమో అని అడిగింది కూడా, నేనే వినలేదు. మీ అందరి ముందూ ఆమె మీదకి తోసేశాను" అని చెప్పాను. మొదటి ఇంట్లో మాటలు తడబడ్డాయి. నాలుగో ఇంటికి అలవాటైపోయింది. అలవాటైనందుకు నాకే రోత పుట్టింది. ఒకావిడ టీ ఇచ్చింది. ఒకాయన, "ఈ మాత్రానికి ఇల్లిల్లూ తిరగాలా, మగాడివి" అన్నాడు.

చివరికి పిన్నమ్మ. బియ్యం చెరుగుతూ అంతా విని, చేట కింద పెట్టింది.

"మాకప్పుడే తెలుసు బాబూ."

"ఏం తెలుసు?"

"ఆడపిల్ల తన కార్యానికి తనే రోజు సూసుకుంటాదా ఏటి? నువ్వు తప్పు సేసి దాని మీద ఏసినావని అందరికీ తెలుసు."

"మరి నవ్వారు కదండీ."

"నీ ముందు నిన్ను సూసి నవ్వలేం కదా" అంది. మళ్లీ చేట తీసుకుంది.

ఆ జవాబు పట్టుకుని వీధిలో చాలాసేపు నిలబడ్డాను. తెలిసి నవ్వడం మేలా, తెలియక నవ్వడం మేలా, నాకు తేలలేదు.

మర్నాడు సెలవు పెట్టి డబ్ల్యూఆర్ఎస్ కాలనీకి వెళ్లాను. నర్సాంటీ డ్యూటీ చీరలోనే వాకిట్లో కూర్చుని అమ్మాయి తలకి నూనె రాస్తోంది. నన్ను చూసి, "రండి. చర్చికి వెళ్లేవాళ్లకి కూడా అమావాస్య కనపడుద్దండి" అంది. క్వార్టర్ల గోడలు పల్చన. ఆ రోజు నేను నవ్విన నవ్వు ఆవిడ విన్నది.

"తప్పయింది" అన్నాను. ఇద్దరికీ కలిపి అన్నాను. తర్వాత విడివిడిగా అన్నాను. ఎనిమిది ఇళ్లకీ వెళ్లొచ్చానని చెప్పాను. కాస్త మెప్పు ఆశించానేమో కూడా.

అమ్మాయి జడ విడిపించుకుని నా వైపు తిరిగింది. "ఆయనకి చెప్పారా బావగారూ?"

నేను నూనె గిన్నె వైపు చూశాను.

"ఆ రోజు నువ్వు చూశావా అని అడిగారు. హా అన్నాను. అంతే. తర్వాత ఒక్క ఫోన్ లేదు. వాళ్లంతా ఏమనుకున్నా నాకు ఫరక్ పడదు. ఆయన ఏమనుకుంటున్నారో అదే నాకు కావాలి."

ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే పంక్తిలో భోంచేస్తూ, వాడికి మాత్రం చెప్పలేదు. ఎనిమిది ఇళ్లలో చెప్పగలిగిన మాట వాడి ముందు రాలేదు. వాడు నా మాట రెండోసారి అడగడు. ఆ ఒక్కటీ పోగొట్టుకోవడం ఇష్టంలేక, ఈ పిల్ల కాపురాన్నే పణంగా పెట్టాను. ఆ వాకిట్లో నిలబడి ఉండగా అది తెలిసింది. తెలిశాక కూడా, ఇంత చిన్న గర్వానికి అంత పెద్ద పని ఎలా చేశానో అర్థం కాలేదు.

"అలా ఎందుకన్నారు బావగారూ?" అంది.

"తెలీదమ్మా" అన్నాను. అది నిజం.

అక్కడి నుంచి నేరుగా సిల్తారా వెళ్లాను. రెండు గంటలకి షిఫ్టు మారుతుంది. తమ్ముడు మసి మొహంతో, టవల్ మెడలో వేసుకుని గేటు దాటి వచ్చాడు. నన్ను చూసి కంగారుపడ్డాడు. "అమ్మకేమైనా...?"

"ఏం కాలేదు. ఇటు రా." టీ బడ్డీ పక్కకి తీసుకెళ్లి, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. నర్సాంటీ మాట, నా నవ్వు, కళ్లజోడు, అన్నీ.

వాడు టవల్‌తో మొహం తుడుచుకుంటూ విన్నాడు. "నేను దాన్ని అడిగినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు కదా అన్నయ్యా."

"ఉన్నాను."

"ఊఁ" అన్నాడు. ఆ ఒక్క అక్షరం నేను ఎదురుచూసిన తిట్లన్నిటికీ సరిపోయింది. టవల్ మళ్లీ మెడలో వేసుకుని అడిగాడు. "ఆషాఢం ఇంకా ఎన్నాళ్లుంది?"

"మూడు రోజులు."

"మనదేనా? వీళ్లదా?"

"మనదే."

చెయ్యి చాచాడు. "బండి తాళం ఇలా ఇయ్యి."

ఎక్కడికి అని అడగలేదు. కొత్త అల్లుడు ఆషాఢంలో అత్తవారి గడప తొక్కకూడదు. అది అత్తగారు ఉన్న ఇంటికే అంటారు కొందరు, ఏ ఇంటికైనా అంటారు కొందరు. నాకు ఏదీ తెలియదు. ఈసారి తెలిసినట్టు మాట్లాడలేదు. తాళం చేతిలో పెట్టాను. వాడు మొహం కడుక్కోకుండానే స్కూటర్ తీసి రాయ్‌పూర్ రోడ్డెక్కాడు. నేను మోవా వచ్చే టెంపోలో వెనక నిలబడి ఇంటికి చేరాను.

సాయంత్రం ఓనరు వాళ్ల ఫోన్ నుంచి అమ్మకి చేసి, జరిగిందంతా చెప్పాను. తేదీ తప్పు నాదేనన్నాను. మాట తప్పు కూడా నాదేనన్నాను. అంతా విని అమ్మ అడిగింది.

"ఆడేడి ఇప్పుడు?"

"అత్తారింటికి వెళ్లాడు."

"ఆషాడంలోనా? ఎవలు ఎల్లమన్నారు?"

"నేనే బండి ఇచ్చానమ్మా" అన్నాను.